ఊగని కాలి కింద

విస్కాన్సిన్,
ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

నాన్నా,

ఆ ఫోటో పంపడం నాదే బుద్ధితక్కువ. గొలుసుకి వేలాడుతున్న ఇంజను, దాని కింద పళ్ళికిలిస్తూ నేను. చెల్లి అది అమ్మకి చూపించడం, అమ్మ పాతపట్నం పోయి నీలమణి దుర్గమ్మకి మొక్కుకోవడం, మావయ్య ఫోన్ చేసి "ఏటిరా, ఇంట్లో కట్టిన ఇమానం ఎక్కుతున్నావట" అని నిలదీయడం, అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. నేను ఇంజను కింద లేను. పక్కనే ఉన్నాను, ఫోటోలో అలా పడింది.

ఫోన్లో చెబుదామంటే నువ్వు "ఊఁ, బాగున్నాం" అనేసి అమ్మకి ఇచ్చేస్తావు. అందుకే కాగితం. చెల్లిది ఒరియా బడి చదువు, తెలుగు కూడబలుక్కుని చదివేసరికి తెల్లారుతుంది. నువ్వే చదువు. నీ కన్ను గుర్తుపెట్టుకుని పెద్ద అక్షరాలు రాస్తున్నాను.

ఉద్యోగం బాగానే ఉంది. మేనేజరు మారాడు. పాతాయన కంటే నయం.

విమానం నాది కాదు, పక్కింటి పెద్దాయనది. బస్సుల షెడ్డులో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆరేళ్ళుగా గ్యారేజీలో కడుతున్నాడు. శనివారం శనివారం నేను వెళ్ళి, పట్టుకోమన్నది పట్టుకుంటాను. దొంగచాటు పని కాదు. సగానికి మించిన పని కట్టుకునేవాళ్ళే చెయ్యాలని ఇక్కడ రూలుంది. అంతా అయ్యాక సర్కారు తరఫు మనిషి వచ్చి చూసి కాగితం ఇవ్వాలి. అప్పుడు కూడా, ఇంజనుని బట్టి మొదట 25 గంటలో 40 గంటలో గాల్లో తిప్పి చూసేదాకా ప్రయాణికుల్ని ఎక్కించకూడదు. ఇంకా రెక్కలే తగిలించలేదు. అమ్మకి ఈ ముక్క రెండుసార్లు చదువు.

ఇక నీకోసం. ఇంజను లైకమింగ్ కంపెనీది, నాలుగు సిలిండర్లు, గాలితోనే చల్లబడుతుంది, 160 గుర్రాలు. బరువెంతనుకున్నావు? 110 కిలోలకి కాస్త పైన, అంతే. మన రైస్ మిల్లు ఇంజను పది గుర్రాలకే నలుగురు మనుషులూ, గొలుసు కప్పీ, నీ తిట్లూ కావలసొచ్చేవి. దీన్ని మోసేది సన్నని ఉక్కు గొట్టాలతో వెల్డింగ్ చేసిన చట్రం. మౌంట్ అంటారు. క్రోమ్‌మోలీ అనే గట్టి రకం ఉక్కు, గొట్టం గోడ మందం మిల్లీమీటరుకి అటూ ఇటూ. ఒంటి చేత్తో ఎత్తేశాను. ఇదా ఇంజను మోసేది అని నాకే నమ్మకం కుదరలేదు. దీని నాలుగు కాళ్ళూ ఫైర్‌వాల్ మూలలకి బోల్టులతో బిగించాలి. ఫైర్‌వాల్ అంటే ఇంజనుకీ మనిషికీ మధ్య ఉండే పలచటి స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. ఎందుకుంటుందో అమ్మకి చెప్పకు.

చట్రాన్ని ఆనించి చూస్తే మూడు కాళ్ళు ఆనాయి. కింద కుడి కాలి దగ్గర పోస్టుకార్డు దూరేంత సందు. బోల్టు వేసి లాగితే కూర్చుంటుంది కదా అన్నాను. పెద్దాయన ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు సిగ్గేసింది నాన్నా. మిల్లులో ఇంజను దిమ్మకి బెడ్డు బోల్టులు బిగించేటప్పుడు నువ్వు మొట్టికాయ వేసి మరీ చెప్పిన మాటే కదా, బోల్టు పని పట్టుకోవడం, లాగడం కాదు అని. లాగి కూర్చోబెడితే ఆ లాగుడు గొట్టంలోనే ఉండిపోతుంది. దానిమీద ఇంజను వణుకుడు తోడైతే ఎప్పుడో ఒకరోజు వెల్డింగ్ పక్కన వెంట్రుకంత చీలిక పుడుతుంది.

సందున్న కాలిని నొక్కితే అది ఆనింది, మూలకి మూల పై ఎడమ కాలు లేచింది. కుంటి బల్లలాగా ఊగుతోంది. పెద్దాయన ఊగే రెండు కాళ్ళ కిందా టార్చి వేసి వెతుకుతున్నాడు. నాకు నువ్వు గుర్తొచ్చావు. "ఊగేదాన్ని వదిలెయ్, ఊగని కాలి కింద చూడు" అని, జల్లెడ స్టాండు దగ్గర. పై కుడి కాలు తీసి చూశాను. రేకు అతుకుల్లో సందులు మూయడానికి పూసిన సీలెంట్ కొంచెం బయటికొచ్చి, చింతగింజ చెక్కంత పలచటి బిళ్ళగా ఎండిపోయి ఉంది. రేకు గీసుకుపోకుండా చెక్క ముక్కతో గీకాను. పావుగంట పట్టింది. మళ్ళీ ఆనిస్తే నాలుగు కాళ్ళూ చప్పుడు లేకుండా కూర్చున్నాయి. పెద్దాయన "ఎవరు నేర్పారు?" అని అడిగాడు. మా నాన్న, రైస్ మిల్లు, అన్నాను. పర్లాకిమిడి ఎక్కడో చెప్పడానికి మాత్రం మ్యాపు తీయాల్సొచ్చింది. ఊరు ఒడిశాలో, మాట తెలుగు, ఏరు దాటి కాస్త నడిస్తే ఆంధ్రా, అంటే ఆయనకి బుర్ర తిరిగింది.

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతానన్నావట. వద్దు. ఆపరేషనై నెల కూడా కాలేదు. ఆ దుమ్ము, ఆ జనం. వచ్చే ఏడు నేనే తీసుకెళ్తాను. ప్రతి ఏడూ ఇదే అంటావని నువ్వనబోతావని తెలుసు. ఈసారి టికెట్ డబ్బులు పక్కన పెట్టాను, సరేనా.

బోల్టుల సంగతి మధ్యలో వదిలేశాను. ముందు కన్నాలు సన్నగా డ్రిల్ వేసి, ఆఖర్న కన్నం నున్నగా చేసే రీమర్‌తో 3/8 అంగుళానికి తెచ్చాం. నీ లెక్కలో మూడు సూత్‌లు. నట్టు బిగించడానికి టార్క్ రెంచి, 160 నుంచి 190 అంగుళాల పౌన్ల మధ్య. చాలనగానే టక్కుమంటుంది. నువ్వైతే మోచెయ్యే చెబుతుందంటావు. బిగించినదాని మీద పసుపు లక్క చుక్క పెడతారు. నట్టు కదిలితే ఆ చుక్క విరిగి తెలిసిపోతుంది.

అసలు యుద్ధం నిన్న, ఇంజను తగిలించేటప్పుడు. చట్రానికీ ఇంజనుకీ మధ్య నాలుగు చోట్లా రబ్బరు దిమ్మలు. మూడు బోల్టులు తేలిగ్గా పోయాయి. నాలుగోదాని కన్నంలోకి చూస్తే గుండ్రంగా లేదు, నెలవంకలా ఉంది. గొలుసు ఒక పన్ను దించితే నెలవంక ఇటు, ఒక పన్ను ఎత్తితే అటు. రెండున్నర గంటలు. ఆయన ఇంగ్లీషులో, నేను తెలుగులో తిట్టుకున్నాం. చివరికి మొన చెక్కిన పాత బోల్టుని ముందు దూర్చి, దాని వెనకాలే అసలుదాన్ని తోశాం. చేతులు రెండుసార్లు కడిగినా వాసన పోలేదు. పోకపోతేనేం, మన మిల్లు వాసనే.

పాత ఇనుపసామానువాడు మిల్లు ఇంజనుకి బేరం పెట్టాడని అమ్మ నోరుజారింది. నువ్వు నాకు చెప్పలేదు. అమ్మొద్దని అనే హక్కు నాకు లేదు. కరెంటు మోటారు వచ్చాక అది మూల పడుందని తెలుసు, వర్షాకాలం ముందు పైకప్పు వెయ్యాలనీ తెలుసు. డబ్బుకోసమైతే మాత్రం ఆగు, ఒకటో తారీఖున పంపుతాను. చోటు కోసమైతే నీ ఇష్టం. తీసుకెళ్ళే రోజున బెడ్డు బోల్టులు మాత్రం వాళ్ళచేత కోయించకు. నట్టుల మీద ముందురోజు రాత్రి కిరసనాయిలు పోసి ఉంచితే వస్తాయి. ఇది నీకు నేను చెప్పడమేమిటి.

కంటి చుక్కల సీసా మూత తెరిచాక నెల దాటితే పారెయ్యమని చెల్లికి చెప్పు. దాచుకోవద్దు.

అమ్మకి: రాగి అంబలి చేసుకుంటున్నాను, చిక్కిపోలేదు, ఆ ఫోటోలో వెలుతురు అలా ఉంది. ఆవకాయ సీసా సగమే అయింది. పెద్దాయనకి ఒకసారి పెడితే ముక్కు ఎర్రబడింది, మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. విమానం నేను ఎక్కను. ఎక్కితే నీకు చెప్పే ఎక్కుతాను.

మీ చిన్నోడు