చెస్ ఉందా, లేదా? కేంద్ర క్రీడల మంత్రి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయ కేంద్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను గుంటూరులో ఉంటాను. మా అమ్మాయి చెస్ ఆడుతుంది. ఏషియన్ గేమ్స్ జాబితాలు, కామన్వెల్త్ జాబితాలు, 2036 ఒలింపిక్స్ కోసం మన దేశం పెట్టుకున్న అర్జీ, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటి గురించి మీకు చెప్పేంతదాన్ని కాను. రెండేళ్లుగా నాలాంటి తల్లిదండ్రులం కొందరం కలిసి, చెస్‌ను ఏషియన్ గేమ్స్‌లో ఎప్పటికీ ఉండేలా చూడమని కనబడిన ప్రతి పెద్దమనిషికీ అర్జీలు ఇస్తూనే ఉన్నాం. తీసుకున్నవాళ్లు మర్యాదగానే తీసుకున్నారు. జవాబు మాత్రం ఎక్కడి నుంచీ రాలేదు. అందుకే నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను.

మొన్న మా అమ్మాయిని ఇంటర్‌లో చేర్పించేటప్పుడు జరిగిన సంగతి చెప్తాను. ఆటగాళ్లకు ఫీజులో రాయితీ ఉందంటే సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకుని వెళ్లాం. కౌంటర్లో ఉన్నాయన పెద్దవయసు మనిషి, మంచిగానే మాట్లాడారు. ఒక్కో సర్టిఫికెట్ తిప్పి చూశారు. పక్కనున్న ఆటల జాబితా కాగితం మీద పెన్సిల్‌తో పైనుంచి కిందికి వెతికి, తలెత్తి అడిగారు. “చెస్ ఏషియన్ గేమ్స్‌లో ఉందా అమ్మా?”

నాకు నోట మాట రాలేదు. ఉందని చెప్తే అబద్ధం, లేదని చెప్తే అదీ అబద్ధమే. “ఒకసారి ఉంటుందండీ, ఇంకోసారి ఉండదు” అన్నాను. ఆయన పెన్సిల్ కింద పెట్టేసి, “పైవాళ్లను అడిగి చెప్తాం” అని ఫైల్ పక్కకు జరిపారు. మా అమ్మాయి ఏమీ అనలేదు. బయటికి వచ్చాక ఆటో ఎక్కుతూ, “అమ్మా, మనం చెప్పింది తప్పా?” అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఈ ఉత్తరం అక్కడి నుంచి పుట్టిందే.

మంత్రి గారూ, ఆ పెద్దాయన తప్పేమీ లేదు. జాబితా అలా ఉంది, ఆయన ఏం చేస్తారు? 2006లో దోహాలో చెస్ ఉంది. 2010లో గ్వాంగ్‌ఝౌలో ఉంది. 2014 ఇంచియాన్‌లో లేదు, 2018 జకార్తాలో లేదు. కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2023లో జరిగిన హాంగ్‌ఝౌ గేమ్స్‌లో మళ్లీ వచ్చింది. హమ్మయ్య, ఇక ఉంటుందిలే అనుకున్నాం. తీరా చూస్తే 2026 నగోయా జాబితాలో మళ్లీ లేదు. ఈ-స్పోర్ట్స్‌కు, అంటే వీడియో గేమ్ పోటీలకు, చోటు దొరికింది. చదరంగం పుట్టిన దేశం మనదని ఊరూరా చెప్పుకుంటాం కదా, ఆ ఆటను ఇలా గాలిలో దీపంలా ఎందుకు వదిలేశాం?

నేను ఈ తేదీలు ఊరికే రాయలేదు. వాటి వెనుక మన పిల్లల వయసులు ఉన్నాయి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి దోహాలో రెండు స్వర్ణాలు గెలిచినప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్లు. అందులో ఒకటి ఆమె సొంతంగా గెలిచింది, రెండోది శశికిరణ్, మా గుంటూరు అబ్బాయి హరికృష్ణలతో కలిసి జట్టుగా గెలిచింది. గ్వాంగ్‌ఝౌలో కాంస్యం తెచ్చినప్పుడు ద్రోణవల్లి హారికకూ పందొమ్మిదేళ్లే. ఆ తర్వాత వీళ్లు మళ్లీ ఏషియన్ గేమ్స్ బల్ల ముందు కూర్చున్నది హాంగ్‌ఝౌలోనే. అప్పటికి హంపికి ముప్ఫై ఆరు, హారికకు ముప్ఫై రెండు, హరికృష్ణకు ముప్ఫై ఏడు. అయినా మహిళల జట్టు రజతం తెచ్చింది, పురుషుల జట్టూ రజతం తెచ్చింది. మన వరంగల్ అబ్బాయి అర్జున్, మన తెలుగు ఇంటి పిల్లాడు గుకేశ్ ఆ పురుషుల జట్టులో ఉన్నారు.

ఆ మధ్యలో పదమూడేళ్లు పోయాయి. ఆటగాడికి వయసంటే ఏంటో మీకు నేను చెప్పాలా? ఇరవై దాటి ముప్ఫై నిండేలోపు ఉండే ఆ చురుకు, ఆ కసి మళ్లీ రావు. ఆ ఏళ్లలో వాళ్లు ప్రపంచమంతా తిరిగి ఆడారు, గెలిచారు. కానీ ఏషియన్ గేమ్స్‌లో మన జెండా పైకి వెళ్తుంటే నిలబడే అవకాశం ఆ పదమూడేళ్లూ వాళ్లకు లేకపోయింది. వాళ్లు ఆడలేక కాదు, జాబితాలో ఆట లేక. ఆ పతకాలు ఎవరు తిరిగి ఇస్తారు? నాకు కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

ఒళ్లు అలవని ఆట ఆటేంటని కొందరంటారు. మా అమ్మాయిని ఐదు గంటల గేమ్ ఆడి బయటికొచ్చాక ఒక్కసారి చూడండి. మొహం వాడిపోయి ఉంటుంది. ఎత్తులు నోట్ చేసుకున్న షీట్ చేతి చెమటకు మెత్తబడి ఉంటుంది. ఆఖరి నిమిషాల్లో గడియారం నొక్కే టెన్షన్‌కు వేళ్లు ఇంకా వణుకుతుంటాయి. అన్నం తినమంటే ముద్ద దిగదు. అయినా ఈ వాదన ఎప్పుడో తేలిపోయింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1999లోనే చెస్ సమాఖ్యను గుర్తించింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ సమయంలో మన విశ్వనాథన్ ఆనంద్, స్పెయిన్ ఆటగాడు షిరోవ్ ప్రదర్శన మ్యాచ్ కూడా ఆడారు. మన దేశంలో మొదటి ఖేల్‌రత్న ఎవరికి ఇచ్చారు? ఆనంద్‌కే కదా! మన ప్రభుత్వమే ఆటగా ఒప్పుకున్నదాన్ని బయట ఒప్పించడానికి ఇంత మొహమాటం ఎందుకు?

పట్టుబడితే పని అవుతుందనడానికి కబడ్డీయే సాక్ష్యం. 1990 బీజింగ్‌లో ఏషియన్ గేమ్స్‌లోకి వచ్చింది, అప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పిపోలేదు. సంతోషం, మా ఇంట్లో అందరం కబడ్డీ చూస్తాం. అదే పట్టు చెస్ కోసం ఎందుకు పట్టరు? చెస్‌కు పెద్ద స్టేడియం అక్కర్లేదు, వేలమంది ఆటగాళ్లకు గదులు అక్కర్లేదు. ఒక హాలు, బల్లలు, బోర్డులు, గడియారాలు ఉంటే చాలు. 2022లో మామల్లపురంలో చెస్ ఒలింపియాడ్‌కు, అంటే దేశాల జట్లు తలపడే ప్రపంచ పోటీకి, 180కి పైగా దేశాల వాళ్లు వస్తే మనం నిర్వహించలేదా? ఆ ఒలింపియాడ్‌కు మొట్టమొదటిసారి జ్యోతి వెలిగించి, ఢిల్లీ నుంచి బయల్దేరదీసి 75 నగరాలు తిప్పాం. ఆ రోజు టీవీ ముందు మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. అప్పుడు దానికి పదకొండేళ్లు. ఆ తర్వాత 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో ఓపెన్, మహిళల విభాగాల రెండు స్వర్ణాలూ మనవే. అదే ఏడాది డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇంకేం చేసి చూపించాలి సార్ ఈ పిల్లలు?

2030లో రెండు పెద్ద పండగలు వస్తున్నాయి. కామన్వెల్త్ క్రీడలు మన అహ్మదాబాద్‌లోనే. కొత్త ఆటలను ప్రతిపాదించే వీలు ఆతిథ్య దేశానికి ఉంది. ఆ అవకాశం చేతిలో పెట్టుకుని చదరంగం పేరు పైకి తీసుకురాకపోతే ఇంకెప్పుడు తెస్తారు? ఏషియన్ గేమ్స్ మళ్లీ దోహాలోనే, హంపి స్వర్ణాలు గెలిచిన చోటే. ఏషియన్ గేమ్స్ నడిపే ఆసియా ఒలింపిక్ మండలితో మీరు స్వయంగా మాట్లాడండి. ఉత్తరం రాసి ఊరుకోకండి, దయచేసి మాట్లాడండి. ఒకసారి పెట్టి మరోసారి తీసేయకుండా, ఎప్పటికీ ఉండేలా అడగండి. 2036 ఒలింపిక్స్ మనకే వస్తే, అందులోనూ చెస్ ఉండాలని ఇప్పటి నుంచే చెప్పండి.

2030కి మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు వస్తాయి. హంపికి దోహాలో ఉన్న వయసు. అది ఆ స్థాయికి చేరుతుందో లేదో నాకు తెలియదు. చేరకపోయినా బాధపడను, ఓడిపోవడం దానికి కొత్తేం కాదు. కానీ దాని ఈడు పిల్లలు ఊరికొకరు, వీధికొకరు ఉన్నారు. స్లీపర్ బెర్త్ మీద రెక్జిన్ బోర్డు పరిచి, టార్చ్‌లైట్ వెలుతురులో ఎత్తులు చూసుకుంటూ టోర్నమెంట్లకు వెళ్లే పిల్లలు. వాళ్లలో ఒక్కరికైనా రేపు ఆడే సత్తా ఉండి, జాబితాలో ఆట లేదని ఇంట్లో కూర్చునే పరిస్థితి రానివ్వకండి. చేతులెత్తి వేడుకుంటున్నాను.

కౌంటర్ దగ్గర ఆ పెద్దాయన మళ్లీ రమ్మన్నారు. వచ్చే సోమవారం వెళ్తున్నాం. ఆయన మళ్లీ అదే అడిగితే ఏం చెప్పమంటారో, దయచేసి ఒక్క మాట రాయండి.

ఇట్లు,
ఒక చెస్ క్రీడాకారిణి తల్లి,
గుంటూరు