సరుకు ఉంది, అయినా అమ్మడం లేదు

రెండు వారాలుగా తలకు రాసే కొబ్బరినూనె అడిగినవాళ్లందరికీ "సరుకు లేదు" అని ఒక్క ముక్కలో జవాబిచ్చాను. అది అబద్ధం, క్షమించండి. సరుకు ఉంది. పదిహేను డబ్బాలు గోడవారన అలాగే పడి ఉన్నాయి.

కొత్త లోడు దిగిన రోజు సాయంత్రమే ఒక డబ్బా విప్పి సీసాలు నింపాను. ఆ రాత్రి చలి గట్టిగా పడింది. పొద్దున చూస్తే, కిటికీ దగ్గర పాత సరుకు సీసా తెల్లగా పేరుకుపోయి ఉంది, తలకిందులు చేసినా చుక్క జారలేదు. దాని పక్కనే ఉన్న కొత్త సీసాలో అడుగున కాస్త తెల్లటి మడ్డి, పైనంతా నీళ్లలా కదులుతోంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కంటే చల్లబడితే పేరుకోవాలి. గుండె జారిపోయింది.

ఆరేళ్లుగా నూనె ఇస్తున్న మనిషికి ఫోన్ చేశాను. "చలికి గడ్డకడుతోందని మీ కస్టమర్లే గోల పెడుతున్నారన్నారుగా, అందుకే కాస్త లిక్విడ్ పారఫిన్ కలిపించాను" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు. లిక్విడ్ పారఫిన్ అంటే పెట్రోలియం నుంచి తీసే నూనె. కస్టమర్ల గోల గురించి అన్నది నేనే. ఏటా చలికాలంలో "ఇందులో మైనం కలిపారా?" అని మీలో కొందరు అడుగుతారు, అడిగినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ బాధ అతని దగ్గర చెప్పుకున్నాను.

తర్వాత మూడు రాత్రులు నిద్ర లేదు. పారఫిన్ విషం కాదు. వెంట్రుక మీద పొరలా నిలిచి తడి ఆరిపోకుండా కొంత కాపాడుతుంది కూడా. లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు రాసి అమ్మేయమని ఇంట్లోవాళ్లు అన్నారు. అలా చేస్తే తప్పేమీ లేదు, డబ్బూ పోదు. కానీ కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తలస్నానంలో ప్రొటీన్ పోవడం తగ్గిస్తుంది. పారఫిన్ లోపలికి పోదు. గాలి పొడిబారి కొసలు చిట్లే రోజుల్లోనే ఆ తేడా కావాలి. మీరు నా దగ్గరకు వచ్చేదే అందుకు. అమ్మకూడదనుకున్నాను. డబ్బాలు అతనే వచ్చి తీసుకెళ్లాలి, ఇంక అతనితో వ్యాపారం లేదు.

లోడు దిగిన ఆ సాయంత్రమే 11 సీసాలు బయటికి వెళ్లాయి. ఏడుగురితో మాట్లాడాను, నలుగురు ఫోన్ ఎత్తలేదు. మీ సీసాకి ఆకుపచ్చ మూత ఉంటే తిరిగి పంపండి, సగం వాడినా సరే, మొత్తం డబ్బు ఇస్తాను.

ఇకపై వేరే మిల్లు నూనె. పేరుకున్నంత మాత్రాన స్వచ్ఛమని కాదు, కాబట్టి ప్రతి లోడూ ల్యాబ్ పరీక్షకు వెళ్లి వచ్చాకే నింపుతాను. రావడానికి ఇంకో పది రోజులు.

ఈలోగా తలస్నానానికి గోరువెచ్చని నీళ్లే వాడండి, మరీ వేడివైతే మాడు ఇంకా పొడిబారుతుంది. తడి జుట్టు సాగి తెగుతుంది, ఆరనిచ్చి చిక్కు తీయండి. చుండ్రు ఎక్కువగా ఉన్నవాళ్లు మాడుకి నా నూనె కూడా రాయకండి. చుండ్రుకు కారణమయ్యే ఫంగస్ నూనెల మీదే బతుకుతుంది. కొసలకు రాసుకుంటే చాలు.

కొత్త సీసా చలికి పేరుకునే వస్తుంది. వేడినీళ్ల గిన్నెలో ఐదు నిమిషాలు ఉంచండి, కరుగుతుంది. పేరుకోని నూనె కావాలంటే మాత్రం నా దగ్గర దొరకదు.