మూడు లాంతర్ల దగ్గర కలిసిన బాబాయ్‌కి

నాన్నగారి బుల్లెట్ మెల్‌బోర్న్ చేరింది. నిన్న స్టార్ట్ చేశాను. ఆ చప్పుడు వినగానే మొదట గుర్తొచ్చింది మీరే బాబాయ్.

విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర టీ తాగుతుంటే మీరే పలకరించారు. "ఏటి బాబూ, బండికేసి అంత దీనంగా చూస్తున్నావు?" అన్నారు. ఆస్ట్రేలియా పంపిస్తున్నానని చెప్పాను. మీరు వెంటనే కిందకి వంగి, వెనక మడ్‌గార్డ్ లోపల వేలు పెట్టి గీకారు. ఎర్రమట్టి, అందులో రెండు గడ్డి గింజలు. "ఇది చాలు, మట్టీ గింజలూ ఆ దేశంలోకి రానివ్వరు, బండిని అక్కడ ఆపేస్తారు" అన్నారు. ఒకప్పుడు విశాఖ పోర్టులో పనిచేశానని అప్పుడే చెప్పారు.

దిగుమతి అనుమతి, ఆర్టీఓ ఎన్ఓసీ కాగితాలు నా దగ్గర ఉన్నాయి. మట్టి సంగతి మాత్రం తట్టలేదు. పాత బ్రేక్ షూలలో, గాస్కెట్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ అనే రాతినార ఉండొచ్చని, ఆ దేశంలో 2003 చివరి నుంచే దానిపై నిషేధం ఉందని కూడా మీరే చెప్పారు. మెకానిక్ చేత అవన్నీ మార్పించాను.

మర్నాడు పొద్దున్నే మీరు పాత టూత్ బ్రష్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. చెయిన్ కవర్ విప్పి, స్పోక్ మొదళ్లు ఒక్కొక్కటీ రుద్దారు. పెట్రోలు తీయించి, బ్యాటరీ వైర్లు విడదీసి టేపు చుట్టారు. మధ్యాహ్నం దాటిపోయింది. డబ్బులిస్తే చెయ్యి వెనక్కి లాగేసుకున్నారు, అమ్మ పెట్టిన పెరుగన్నం మాత్రం తిన్నారు.

హడావుడిలో మీ పేరు అడగలేదు, అదే బాధ. ఈసారి ఊరొచ్చినప్పుడు అదే టీ కొట్టు దగ్గర మీ కోసం చూస్తాను బాబాయ్.