పందెం నువ్వే గెలిచావురా

ఒరేయ్ బక్కోడా,

తిట్లన్నీ ముందే తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఇక్కడికొచ్చాను. ఎదురింటి అబ్బాయి ఈ రాత్రి ఫ్లైట్‌కి షార్జా వస్తున్నాడు. చింతకాయ తొక్కు సీసాతో పాటు ఈ కాగితాలు కూడా వాడి సంచిలో పడేస్తున్నాను. గంటలో బయల్దేరతాడట, అందుకే ఈ కోడి గీతలు.

అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. పాపకి చెవులు కుట్టించాం, ఊరు ఊరంతా వినపడేలా ఏడ్చింది. మీ ఇంటి పైరేకు గాలికి లేచిపోతే కొత్తది వేయించాను, లెక్క తర్వాత చూసుకుందాం. అంతే.

ఇక అసలు సంగతి. మేకలు మేలా గొర్రెలు మేలా అన్న పందెం నువ్వే గెలిచావు. నీ డబ్బుతో కొన్న పది మేకలూ రాళ్ళలా ఉన్నాయి. నేను ముచ్చటపడి తెచ్చిన 28 గొర్రెల్లో నాలుగు పోయాయి. నవ్వకు. ఫోన్‌లో చెప్పకపోవడానికి కారణం అదే, నువ్వు నవ్వుతావు, నాకు ఏడుపొస్తుంది.

ఉన్నట్టుండి గొర్రెల్ని చంపేసే చిటుకు రోగమా అంటావేమో. కాదు. వానలకు ముందు మే నెలలోనే టీకా వేయించాను, రెండు వారాలకు రెండో డోసు కూడా. పీపీఆర్, అదే పారుడు రోగం టీకా అయింది. నట్టల మందు, అంటే కడుపులో పురుగుల మందు కూడా తాగించాను. అంతా పుస్తకం ప్రకారమే చేశానని నాకు మహా గర్వంగా ఉండేది.

ఈసారి మనవైపు వానలు బాగా పడ్డాయి. భాద్రపదానికి చెరువు శిఖం (నీళ్ళు తగ్గితే తేలే చెరువు నేల) చుట్టూ గరిక మోకాలెత్తున లేచింది. మంద కాసే తాత మాత్రం బారెడు పొద్దెక్కితే గానీ దొడ్డి తలుపు తీయడు. "మంచు ఆరనీ బిడ్డా" అంటాడు. నాకేమో ఎనిమిదిన్నరకి డ్యూటీ. ఆలోపు నేనే ఓ గంట మేపితే గడ్డి తాజాగా తింటాయి కదా అని, తాత మాట పక్కన పెట్టి ఆరింటికే తోలుకెళ్ళాను. దాదాపు పదిహేను రోజులు. పొగమంచులో గొర్రెలు తెల్లగా కదులుతుంటే ఫోటోలు కూడా తీశాను. నీకు పంపాను, గుర్తుందా? "మా గొర్రె గొర్రెల్ని కాస్తోంది" అని రాశావు వెధవా.

మూడు వారాలు గడిచాయి. లెక్కల మేడం వెనకబడడం మొదలుపెట్టింది. (అదే, నెల్లూరు జోడిపి గొర్రె. కళ్ళ చుట్టూ నల్ల మచ్చలు అచ్చం మన మేడం కళ్ళజోడులా ఉంటాయి. ఆ చూపు కూడా అంతే, నేను లెక్క తప్పు చేసినట్టే చూస్తుంది.) సాయంత్రానికి దాని దవడ కింద నీళ్ళ సంచిలా వేలాడేది. నొక్కితే వేలి గుంట పడేది. పొద్దున చూస్తే తగ్గిపోయేది, హమ్మయ్య అనుకునేవాణ్ణి. పారుడు లేదు, పెంటికలు గోలీల్లా గట్టిగా ఉన్నాయి. ఇక కడుపులో జబ్బేంటి అని నా ధీమా.

ఐదో రోజు ఓ గొర్రె దొడ్డిలోనే పడిపోయి ఉంది. తాత ఏమీ అనలేదు. మేడంని కాళ్ళ మధ్య ఇరికించుకుని, బొటనవేలితో కింది కనురెప్ప లాగి నాకు చూపించాడు. లోపల సున్నం కొట్టిన గోడలా ఉంది. పక్కనే నీ మేకపోతుని పట్టుకుని దానిదీ లాగాడు. దానిమ్మ గింజ. "నెత్తురంతా లోపలే తాగుతున్నయి" అన్నాడు, అంతే. ఆ తర్వాత ఓ అరగంట ఒక్కోదాన్నీ పట్టుకోవడం, రెప్ప లాగడం, ఇటో అటో తోయడం. పదకొండు ఒక పక్క. ఆ అరగంట నేను ఎలా ఉన్నానంటే... సరే, వదిలెయ్.

పశువుల దవాఖాన డాక్టరుగారు పేడ పరీక్ష చేసి అదే మాట చెప్పారు. కడుపులో రక్తం తాగే నట్టలు, ఒక్కో ఆడ పురుగు రోజుకి వేల గుడ్లు పెడుతుందట. ఈ నట్టలకి పారుడు కూడా ఉండకపోవచ్చట, అక్కడే నేను మోసపోయాను. పెంటికల్లో పడ్డ గుడ్లు తడికి, వేడికి వారం లోపే పిల్లపురుగులై, మంచు తడి పట్టుకుని గడ్డి మొదళ్ళ మీదికి ఎక్కుతాయి. గొర్రె నేలకి మూతి ఆనించి కొరుకుతుంది కదా, నేరుగా లోపలికి. మరో మూడు వారాలకి అవీ పెద్దవై గుడ్లు పెడతాయి. నీ మేకలు ఆ గడ్డి వైపే చూడలేదు. వెనక కాళ్ళ మీద నిలబడి రేగు కంపలూ తుమ్మ కొమ్మలూ అందుకుంటూ గడిపాయి. మూతి ఎత్తులో ఉంటే పురుగు అందదన్నమాట. కాబట్టి నువ్వు గెలిచింది తెలివితో కాదు, మేకల పొగరుతో!

ఇంకో చీవాటు కూడా తిన్నాను. ముందు వేసిన మందు సగటు బరువు లెక్కన వేశాను. "మందలో బరువైనదాన్ని చూసి వెయ్యాలి, తక్కువేస్తే పురుగులు మందుకి అలవాటు పడతాయి" అన్నారు. మేకలకి గొర్రెల డోసు సరిపోదట కూడా. సరే, ఇప్పుడు అన్నిటికీ వేసేద్దామంటే వద్దన్నారు. కన్ను పాలిపోయిన వాటికే వెయ్యాలట. అన్నిటికీ వేస్తే మందుకి చావని మొండి పురుగుల గుడ్లే మేతలో మిగులుతాయట. ఫోన్‌లో ఓ రంగుల పట్టీ చూపించారు, కనురెప్పకి ఐదు రంగులు. పేరు ఫమాచా. దక్షిణాఫ్రికా పశువైద్యుడు మలాన్ ముద్దుపేరు ఫాఫా అట, ఆ ఫాఫా మలాన్ చార్టే ఫమాచా. నీ ముద్దుపేరుతో పెడితే బక్కచా అయ్యేది, ఎవరూ కొనరు.

తాత ఆ పట్టీ చూసి, "మా అయ్య ఏ పట్టీ చూడకుండనే చెప్పేటోడు" అన్నాడు. డాక్టరుగారు నవ్వి ఆయన భుజం తట్టారు. నేను ఎటు చూడాలో తెలియక గొర్రెల్ని లెక్కపెట్టాను.

పదకొండింట్లో ఇంకో మూడు పోయాయి. చివరిది పోయిన రోజు నేను డ్యూటీకి వెళ్ళలేదు. దాని పిల్ల ఇంకా పాలు తాగుతోంది, సీసా పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు నిజంగా నీకు ఫోన్ చేద్దామనిపించింది.

ఇప్పుడు పొద్దెక్కాకే దొడ్డి తలుపు. శిఖం వైపు మంద పోవట్లేదు, ఎండాకాలం ఎండేదాకా బర్రెల్ని తోలుకోమన్నారు, ఈ నట్టలు వాటిలో అంతగా నిలవవట. పది రోజులకోసారి నేనూ తాతా రెప్పలు చూస్తున్నాం. మేడంది మొన్న లేత గులాబీకి వచ్చింది. పైగా చూలుతో ఉంది. ఐదు నెలలు లెక్కేస్తే సంక్రాంతి దాటాక ఈనాలి. ఆడపిల్ల పుడితే దానికి హోంవర్క్ అని పేరు

వాడు హారన్ కొట్టేస్తున్నాడు. పోతుల ధర సంగతి రాయనే లేదు. నీ మేకపోతు నా కొత్త చెప్పు ఒకటి తినేసింది, రెండోది తాత

ఇక ఆగడట. ఉంటా.

నీ గొర్రె