వార్షిక నివేదిక 2024–25: తప్పు మొదలైన చోటు చూపించే ఎర్రర్ మెసేజ్ కోసం

సభ్యులందరికీ నమస్కారం.

మనం రాసిన ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్లు ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌లు కొత్తగా నేర్చుకునేవాళ్లకు అర్థమయ్యేలా మన వంతు పని చేయాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఈ ఏడాది సంఘం సమయంలో ఎక్కువ భాగం ఆ పనికే పెట్టాం.

ఆదివారం తరగతులు ఎప్పటిలాగే అమీర్‌పేటలోని అద్దె గదిలో జరిగాయి. వచ్చేవాళ్లలో చాలామంది జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ కోర్సులు చేస్తున్న తెలుగు మీడియం పిల్లలు. లాజిక్ వాళ్లకు బాగానే వస్తోంది. స్క్రీన్ మీద ఎర్రర్ కనబడితేనే టెన్షన్. ఒక అమ్మాయి పైథాన్ భాషలో మార్కుల డిక్షనరీ (పేరు, దాని పక్కనే విలువ ఉండే జాబితా) రాసి, చివరి కామా తర్వాత కర్లీ బ్రాకెట్ మూయడం మరిచిపోయింది. ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్నది పైథాన్ 3.9 వెర్షన్. అది డిక్షనరీని వదిలేసి, కింది లైన్‌ను చూపించి ‘ఇన్‌వ్యాలిడ్ సింటాక్స్’ అంది. ఆ లైన్‌లో ఏ తప్పూ లేదు. పాపం, సరిగ్గా ఉన్న ఆ లైన్‌నే చెరిపి మళ్లీ రాస్తూ కూర్చుంది. అదే ప్రోగ్రామ్‌ను 3.10లో నడిపితే, బ్రాకెట్ తెరిచిన చోటే గుర్తు పెట్టి, దాన్ని మూయలేదని చెప్పింది. వెంటనే సరిచేసుకుంది.

కంపైలర్ కోడ్‌ను వరసగా చదువుకుంటూ పోయి, ఇక ముందుకు వెళ్లలేని చోట ఆగుతుంది. అది ఆగిన చోటే తప్పు ఉండాలని లేదు. తెరిచిన బ్రాకెట్ ఏ లైన్‌లో ఉందో గుర్తుంచుకుంటే అసలు చోటు చూపించవచ్చు. 2021 అక్టోబర్‌లో వచ్చిన 3.10 చేసింది అదే. రస్ట్ అనే భాష 2016లోనే మెసేజ్‌ల రూపం మార్చింది: విలువ ఒక పేరు నుంచి మరో పేరుకు ఎక్కడ చేయి మారిందో, ఆ తర్వాత పాత పేరుతో దాన్ని ఎక్కడ వాడారో రెండు చోట్లా గుర్తు పెట్టి చూపిస్తుంది. అంతకు ముందు ఏడాది ఎల్మ్ అనే మరో భాష, పక్కన కూర్చున్న సీనియర్ చెప్పినట్టు మామూలు వాక్యాల్లో చెప్పడం మొదలుపెట్టింది. కాబట్టి ‘కంపైలర్ ఇంతకన్నా చెప్పలేదు’ అనే మాటను మనం ఒప్పుకోనక్కర్లేదు.

తరచూ ఎదురయ్యే మెసేజ్‌లకు తెలుగులో వివరణ పత్రాలు తయారుచేశాం. మెసేజ్‌నే తెలుగు చేయాలని కొందరు సభ్యులు గట్టిగా వాదించారు. అలా చేస్తే నెట్‌లో వెతుక్కోవడం కష్టమవుతుంది. అందుకే అసలు మెసేజ్‌ను ఉన్నదున్నట్టు ఉంచి, కింద తెలుగు వివరణ ఇచ్చాం. ప్రతి పత్రం పైనా ‘ముందు మొదటి ఎర్రర్ సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి’ అని పెద్ద అక్షరాల్లో వేశాం. సీ భాషలో ఒక్క సెమికోలన్ పోతే, దాని వెంట లేని ఎర్రర్లు కూడా వరస కడతాయి. పిల్లలు కింది నుంచి మొదలుపెట్టి చిక్కుకుపోతున్నారు.

లెక్కల పట్టిక విడిగా పంపాం, చూడగలరు.

వచ్చే ఏడాది ల్యాబ్‌ల మీద దృష్టి పెట్టాలని కార్యవర్గం కోరిక. కొన్ని కాలేజీల్లో ఇప్పటికీ టర్బో సీ అనే పాతకాలపు సీ కంపైలర్ నడుస్తోంది. జీసీసీ అనే ఉచిత కంపైలర్ 2013లో వచ్చిన 4.8 వెర్షన్ నుంచే తప్పున్న లైన్‌ను చూపి, దాని కింద బాణం గుర్తు పెడుతోంది. టర్బో సీ బదులు జీసీసీ పెట్టడమనే, పైసా ఖర్చు లేని ఈ మార్పుకు నోచుకోక పిల్లలు ఇబ్బంది పడటం అన్యాయం. మీకు పరిచయమున్న లెక్చరర్లతో మాట్లాడండి. మిమ్మల్ని తికమకపెట్టిన మెసేజ్ ఎదురైతే కోడ్, వచ్చిన మెసేజ్, రావాల్సిన మెసేజ్ మూడూ రాసి కార్యదర్శికి పంపండి. వాటిని ఆయా కంపైలర్ల బృందాలకు చేర్చే పని మేం చూసుకుంటాం.

— కార్యదర్శి, హైదరాబాద్