యూనివర్సిటీ వాళ్లూ, మా బడికి రెండోసారి కూడా రండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా ఫిబ్రవరి 28 దగ్గర పడేసరికి మీ జిల్లా పేజీలో ఒకే రకం ఫొటోలు మొదలవుతాయి. వెనక ఫ్లెక్సీ, దాని మీద సి.వి.రామన్ బొమ్మ, ముందు వరస కుర్చీల్లో కాలేజీ పెద్దలు, వాళ్ల వెనక యూనిఫాంలో మా పిల్లలు, పిల్లల చేతుల్లో థర్మాకోల్ అగ్నిపర్వతాలు. నేను ఉదయగిరి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఆ ఫొటోల్లో ఓ మూల నేనూ ఉంటాను కాబట్టి ఇది బయటివాడి ఎగతాళి అనుకోకండి. 1928లో ఆ రోజున రామన్ ఎఫెక్ట్ బయటపడింది, 1987 నుంచి ఆ రోజుని సైన్స్ డేగా చేసుకుంటున్నాం, బాగానే ఉంది. నా బాధల్లా మార్చి 1 గురించి. వచ్చినవాళ్లు మళ్లీ రారు.

ఆ మధ్య ఒక ఉన్నత విద్యా సంస్థ వాళ్లు (పేరెందుకు లెండి) మా బడికొచ్చారు. నిజం చెప్పాలంటే ఆ రోజు చాలా బాగా జరిగింది. కెమిస్ట్రీ మేడం ఒకావిడ నీళ్లలో ఫ్లోరైడ్ చూసే కిట్ తెచ్చారు. మా మెట్ట మండలాల్లో ఫ్లోరైడ్ పుస్తకంలోనే కాదు, పిల్లల పళ్ల మీద కూడా కనిపిస్తుంది. పిల్లలు ఇళ్ల నుంచి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చారు, బోరు నీళ్లు, పంచాయతీ ట్యాంకు నీళ్లు, ఆర్వో ప్లాంటు క్యాను నీళ్లు. టెస్ట్‌ట్యూబులో నీళ్లు పోసి ఎర్రటి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది, ఫ్లోరైడ్ ఉన్నకొద్దీ ఆ రంగు తగ్గి పసుపులోకి పోతుంది, దాన్ని అట్ట మీది రంగులతో పోల్చి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాలి. క్లాసులో ట్యూబ్‌లైటు కింద ఒకలా కనిపించిన రంగు బయట వేపచెట్టు నీడలో ఇంకోలా కనిపించింది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ట్యూబు పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూ "సార్, యాడ చూసిందాన్ని రాసుకోవాలి?" అని అడిగింది. ఆ ప్రశ్న అడిగించడానికి నాకు మామూలుగా ఒక టర్ము పడుతుంది. ఇంకొకడు "నీళ్లు కాగబెడితే పోద్దా?" అన్నాడు. పోదు, నీరు ఆవిరై పోయి మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది అని మేడం చెప్తే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు, ఎందుకంటే సగం ఇళ్లలో కాచిన నీళ్లు తాగితే చాలనే నమ్మకం.

కిట్ మా దగ్గరే ఉంచి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు. మందు సీసా అయిపోయింది, అట్ట మీది రంగులు వెలిసిపోయాయి. ఫోన్ చేస్తే ఆఫీసులో ఎవరో "ఆ ప్రాజెక్టు మార్చితో క్లోజ్ అయింది సార్" అన్నారు. మేడం ఇంకో చోటికి మారిపోయారట. ఆవిడ తప్పేం లేదు.

నిజానికి మన దేశంలో ఫ్లోరోసిస్‌ని (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకీ ఎముకలకీ వచ్చే జబ్బు) గుర్తించి వైద్య పత్రికలో మొదట రాసింది 1937లో, అదీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి కూడా మనలోవే. ఇంత పాత చరిత్ర ఉన్న చోట బడిపిల్లలే ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి ఊళ్లో ప్రతి బోరూ పరీక్ష చేసి, ఊరి పటం గీసి రంగులు వేసుకుంటే ఎంత బాగుంటుంది! లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా అని మన ప్రమాణం. ఏ బోరు ఎక్కడుందో పిల్లలకి తెలుసు. వాళ్ల లెక్క నమ్మొచ్చా అనే అనుమానం తీరాలంటే కొన్ని నమూనాలు యూనివర్సిటీ లాబ్‌లో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో మళ్లీ చూడాలి, అది మా బడిలో ఉండదు, వాళ్ల దగ్గర ఉంటుంది. ఎమ్మెస్సీ పిల్లలకి ప్రాజెక్టు దొరుకుతుంది, మా వాళ్లకి సైన్స్ దొరుకుతుంది, పంచాయతీకి సమాచారం దొరుకుతుంది. దీనికి కోట్లు అక్కర్లేదు, ఏటా మందు సీసాలు పంపించే మనిషి ఒకరు ఉండాలి.

మరి ఎందుకు జరగదు? నాకు తోచింది చెప్తాను. కాలేజీలకీ యూనివర్సిటీలకీ వాటి నాణ్యత కొలిచే న్యాక్ సంస్థ ఇచ్చే గ్రేడు కావాలి, న్యాక్ లెక్కల్లో విస్తరణ కార్యక్రమాలు (క్యాంపస్ బయట జనంలో చేసేవి) ఉంటాయి, వాటికి రుజువుగా జియోట్యాగ్ (ఎక్కడ తీశారో తెలిపే గుర్తు) ఉన్న ఫొటో పెట్టాలి. కార్యక్రమం ఎన్నిసార్లు చేశారనేది లెక్క, ఒకే బడికి ఎన్నేళ్లు వెళ్లారనేది కాదు. పది బళ్లకి ఒక్కో రోజు వెళ్తే పది కార్యక్రమాలు, ఒకే బడికి పదేళ్లు వెళ్తే ఆ ఏడాది లెక్కలో ఒకటే. ఇంక ఎవరు చేస్తారు? పథకాలు లేక కాదు. ఉన్నత్ భారత్ అభియాన్‌లో చేరిన సంస్థ కనీసం ఐదు గ్రామాలు దత్తత తీసుకోవాలి. 2015లో మొదలైన రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌లో పెద్ద విద్యాసంస్థలు బళ్లకి పెద్దదిక్కుగా ఉండాలని రాసే ఉంది. ఎన్ఎస్ఎస్ వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల క్యాంపు వేరే. ఆ ఏడు రోజులూ రోడ్డు పక్క పిచ్చిమొక్కలు పీకడం, ర్యాలీ తీయడం మానేసి ఒక మండలంలో మకాం పెట్టి బళ్లలో లాబ్ సామాన్లు బాగుచేసి పెడితే నేను వాళ్లకి రోజూ రాగిసంకటి పెట్టిస్తాను.

పిల్లల్ని క్యాంపస్‌కి తీసుకుపోవడం గురించి కూడా ఒక మాట. అందరికీ ఇష్టమైన పద్ధతి ఇదే. మా దగ్గర్నుంచి కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీకి పోవాలంటే నెల్లూరు దాకా సుమారు వంద కిలోమీటర్లు, అది దాటి ఇంకా చెన్నై దారిలో పోవాలి. పొద్దున చీకటితో బయల్దేరితే సగంమందికి బస్సులో వాంతులు. దిగాక మీటింగు, ముగ్గురు పెద్దల ప్రసంగాలు, పులిహోర ప్యాకెట్టు, లాబ్‌లో దూరం నుంచి ఒక మిషను, "ముట్టుకోవద్దు". పిల్లలకి సరదాయే, కాదనను, కానీ నేర్చుకున్నది ఏముంది? అదే డబ్బూ అదే శ్రమా టీచర్ల మీద పెట్టండి. పిల్లవాడు పది పాసై వెళ్లిపోతాడు. టీచరు బదిలీ అయినా ఈ జిల్లాలోనే ఉంటాడు, రిటైరయ్యే లోపు వేలమంది అతని చేతి కింద చదువుతారు.

జాతీయ విద్యా విధానం 2020లో ప్రతి టీచరూ ఏటా 50 గంటల శిక్షణ తీసుకోవాలని ఉంది. ఇప్పుడు ఆ గంటలు ఎలా నిండుతున్నాయో అందరికీ తెలుసు. ఫోను బల్ల మీద వీడియో చెప్పుకుంటూ పోతుంది, టీచరు పక్కన నోట్సులు దిద్దుకుంటూ ఉంటారు, చివర్లో క్విజ్, సర్టిఫికెట్. ఆ 50లో ఇరవై గంటలు యూనివర్సిటీకి అప్పజెప్పండి. మన జిల్లాకి పల్లెపాడులో డైట్ (టీచర్ల శిక్షణ సంస్థ) ఉంది, ప్రకాశానికి మైనంపాడులో ఉంది, అక్కడ కూర్చోబెట్టి టీచర్ల చేత ప్రయోగాలు చేయించండి. ఉపన్యాసాలు వద్దు సార్, దయచేసి. కర్ణాటకలో చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె దగ్గర బెంగళూరు సైన్స్ సంస్థ ఐఐఎస్సీ వాళ్ల క్యాంపస్‌లో చేస్తున్నది ఇదే, బడి టీచర్లు అక్కడే ఉండి తమ చేతులతో ప్రయోగాలు చేసుకుని వెళ్తారు.

ఇంతకంటే పాత ఉదాహరణ మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) జిల్లాలో నడిచిన సైన్స్ బోధన కార్యక్రమం. 1972లో పదహారు మిడిల్ స్కూళ్లతో మొదలైంది. ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకులు, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు రైలెక్కి ఆ పల్లెలకి వెళ్లారు. వేసవి సెలవుల్లో టీచర్లకి శిక్షణ ఇచ్చారు, బడికో కిట్ ఇచ్చారు, నెలనెలా మీటింగు పెట్టి ఎక్కడ ఇబ్బందో అడిగారు. దాంట్లో నాకు అన్నిటికంటే నచ్చింది సవాలీరాం. అలాంటి మనిషి ఎవరూ లేరు, అది ఉత్తుత్తి పేరు. పిల్లలు తోచిన ప్రశ్న రాసి సవాలీరాంకి ఉత్తరం వేస్తే జవాబు వచ్చేది. ఆ కార్యక్రమం వందల బళ్లకి పాకి, 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా నడిచింది. అంటే ముప్పై ఏళ్లు. మన దగ్గర మూడో ఏడు చూసిన కార్యక్రమం ఏదైనా ఉంటే చెప్పండి.

సవాలీరాం లాంటివాడు మాకూ కావాలి. చీకటి పడ్డాక శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగమైతే మా బడి మేడ మీదికి కూడా నిప్పురవ్వలాగా కనిపిస్తుంది. "నేరుగా పైకి పోకుండా పక్కకి పోతుండాదేంది సార్?" అని ఒకడు అడిగాడు. కక్ష్యలో నిలవాలంటే ఎత్తు ఒక్కటే చాలదు, పక్కవాటు వేగం సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్లు ఉండాలి అని నేను చెప్పగలిగాను. కొన్ని పీఎస్ఎల్‌వీ రాకెట్లు శ్రీలంక మీదుగా పోకుండా మధ్యలో ఎందుకు మలుపు తీసుకుంటాయి, ఆ మలుపుకి ఇంధనం ఎంత ఖర్చవుతుంది అని వాడు ఇంకాస్త లోతుకి పోయేసరికి నా సరుకు అయిపోయింది. ఒక వాట్సాప్ నంబరు, దాని వెనక వారానికి ఒక గంట కూర్చునే ఫిజిక్స్ రీసెర్చ్ స్కాలరు, జవాబు తెలుగులో. అంతే. మా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటాయి కానీ పిల్లవాడి బుర్రలో ప్రశ్న పుట్టేది తెలుగులోనే.

పాఠాల సంగతికొస్తే, పదో తరగతిలో మెండెల్ బఠాణీలు చెప్తాం. మా ఊళ్లో బఠాణీ మొక్క చూసినవాడు లేడు. వరి మాత్రం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు, నెల్లూరు మొలగొలుకుల పేరు చెప్తే తాతలు ఇప్పటికీ లొట్టలేస్తారు. నెల్లూరులోనే వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది, ఎన్ఎల్ఆర్ 34449 లాంటి రకాలు తీసిన చోటు. వరి పువ్వు పొద్దున కాసేపే విచ్చుకుంటుంది, రెండు రకాల్ని కలపాలంటే దానికి ముందే పూలలో కేసరాలు తీసేసి, వేరే రకం పుప్పొడి దులిపి, కంకికి కవరు తొడగాలి. ఒక్కసారి టీచర్లకి ఆ పని చేతిలో పెట్టి చూపిస్తే జన్యుశాస్త్రం మా పొలంలోనే చెప్పుకుంటాం. కోస్తా మండలాల వాళ్లకి ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ పక్కనే ఉంది, రొయ్యల గుంట నీళ్లలో ఆక్సిజన్ తెల్లారుజామున ఎందుకు పడిపోతుందో, ఏరేటర్లు అప్పుడే ఎందుకు తిప్పాలో ఆ గట్టు మీద చెప్తే కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ రెండూ ఒక దెబ్బకి వస్తాయి. ఒంగోలు ఆంధ్ర కేసరి యూనివర్సిటీకైతే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఉంది, ఆ నల్లరాయిలో మెరిసే చుక్కలేంటో చూపించడానికి క్వారీ దగ్గర పడేసిన ముక్క చాలు.

ఇక సామాను. బళ్లలో సామాను అసలు లేదనడం అబద్ధం, చాలా చోట్ల బీరువాలో తాళం వేసి ఉంది. కారణం స్టాక్ రిజిస్టరు. మైక్రోస్కోపు లెన్సు పగిలితే సమాధానం చెప్పుకోవాలి, రికవరీ అంటారేమోనని హెచ్ఎంలకి టెన్షన్, అందుకని ఏ పిల్లాడి చేతికీ ఇవ్వరు. యూనివర్సిటీ మాకు సామాను అరువిస్తే కాగితం మీద ముందే రాయండి, పిల్లలు వాడుతుంటే పగిలినదానికి ఎవరూ బాధ్యులు కారని. ఆ ఒక్క వాక్యం ఉంటే తాళాలు తీస్తారు. డిగ్రీ ప్రాక్టికల్స్ అయిపోయాక నెలల తరబడి ఖాళీగా ఉండే మైక్రోస్కోపుల్ని మండలానికి ఒక పెట్టెలో పెట్టి స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్లన్నీ కలిసిన గుంపు) నుంచి స్కూల్ కాంప్లెక్స్‌కి తిప్పండి. కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ వాళ్లు వ్యాన్లలో లాబ్ సామాను పెట్టుకుని పల్లెలు తిరుగుతున్నారు, అదీ మన రాష్ట్రమే. మాకు టెలిస్కోపు కూడా ఒకటి ఇస్తే బాగుండు. మా దగ్గర లేనివి చాలా ఉన్నాయి కానీ చీకటి రాత్రులకి మాత్రం కొదవ లేదు.

ఈ ఉత్తరం యూనివర్సిటీల్లో ఎవరైనా చదివితే ఒక పని చేయండి. స్కూల్ కాంప్లెక్స్ మీటింగు తేదీలు ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగితే చెప్తారు. ఆ రోజు మండలంలోని సైన్స్ టీచర్లందరం ఒక్క చోటే ఉంటాం. ఫ్లెక్సీ వద్దు, శాలువాలు వద్దు, ఒక లెక్చరరు, ఒక పెట్టె సామాను చాలు. వచ్చేముందు ఏ పాఠం కష్టంగా ఉందో మమ్మల్ని అడగండి, వెళ్లేముందు తర్వాతి మీటింగుకి ఎవరొస్తారో చెప్పి వెళ్లండి. నెల్లూరు నుంచి ఉదయగిరి బస్సులున్నాయి, స్టాండులో దిగి ఫోన్ చేస్తే బండి మీద మేమే తీసుకొస్తాం, మధ్యాహ్నం భోజనం మాతోపాటే.

ఇట్లు,
ఒక జడ్పీ హైస్కూల్ సైన్స్ టీచరు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా