వార్షిక నివేదిక 2024–25: ఆర్థిక సేవల సహాయ కేంద్రం

గౌరవ సభ్యులకు నమస్కారం.

బెంగళూరు తూర్పున వైట్‌ఫీల్డ్, హూడి, కృష్ణరాజపురం ప్రాంతాలలో భవన నిర్మాణ పనులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బ్యాంకు సేవలు అందేలా చూడాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఖాతా లేనివారికి ఖాతా తెరిపిస్తే సగం పని అయిపోయినట్టేనని అప్పట్లో భావించాం. తీరా కూలీలు ఉండే షెడ్లకు వెళ్లి విచారిస్తే, 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ పథకం వల్ల చాలా ఇళ్లలో అప్పటికే ఖాతాలున్నాయి, కానీ వాటిని వాడుకునే వీలే లేదు.

ఖాతా అనంతపురంలోనో కర్నూలులోనో ఉంటుంది. అప్పుడిచ్చిన ఫోన్ నంబరు రీఛార్జి లేక పోయి ఉంటుంది కాబట్టి ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే యూపీఐ లేదు. స్మార్ట్‌ఫోన్ లేనివారి కోసం 2022లో వచ్చిన యూపీఐ 123పే కూడా బ్యాంకులో నమోదైన నంబరు ఉంటేనే పనిచేస్తుంది. బ్యాంకు తరఫున ఊళ్లలో, బస్తీల్లో డబ్బు ఇచ్చి పుచ్చుకునే ప్రతినిధి అయిన బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేద్దామంటే, సిమెంటు పనిలో అరిగిన వేళ్లను యంత్రం గుర్తించదు. రెండేళ్లు లావాదేవీలు లేని ఖాతా నిష్క్రియమవుతుంది. అయితే 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం అలాంటి ఖాతాను రుసుము లేకుండా పునరుద్ధరించాలి, అందుకు కావలసిన కేవైసీ (గుర్తింపు, చిరునామా) పత్రాలను అదే బ్యాంకుకు చెందిన ఏ శాఖలోనైనా తీసుకోవాలి. ఈ సంగతి కౌంటరులో ఉన్నవారికే తెలియని సందర్భాలు ఎదురవడంతో, ఆ ఆదేశాల ప్రతిని వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టాం. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో బాగా ఫలించింది ఇదే.

ఒక పొరపాటును కూడా ఒప్పుకోవాలి. తొలి శిబిరాలను పనిదినాల్లో పెట్టాం, ఒక రోజు కూలి వదులుకుని ఎవరూ రాలేదు. తర్వాత శనివారం కూలి బట్వాడా అయిన మరునాటికి మార్చాం.

ఇక సూక్ష్మరుణాల విషయం. బ్యాంకులో పదివేలు పుట్టని ఇంటికి గ్రూపు లోను (ఒకరు కట్టకపోతే మిగతావారు కట్టాల్సిన అప్పు) మాత్రం రోజుల్లో చేతికొస్తోంది, పొదుపు కంటే అప్పే ముందు గడప తొక్కుతోంది. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల వేధింపులను అరికట్టడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిన పరిస్థితి మన సభ్యుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, వార్షికాదాయం 3 లక్షల రూపాయలకు మించని కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చేదే సూక్ష్మరుణం. ఆ కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపినా నెలసరి ఆదాయంలో సగం దాటకూడదు. నిబంధన మంచిదే కానీ మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, పాడిన చీటీ ఏ రుణ నివేదికలోనూ కనిపించవు. కనుక కాగితం మీద సగం లోపున్న భారం ఇంట్లో ముప్పావు వంతు కావచ్చు.

వసూలుకు ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదన్న నియమాన్ని, వేధింపులకు పదేళ్ల వరకు జైలుశిక్ష విధించే వీలుతో 2025 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సును సమావేశాల్లో చదివి వినిపించాం. అంతా విన్న ఒకావిడ, "వసూలుకొచ్చేవాళ్లు ఆరింటికే పోతారు సార్, నేను కట్టకపోతే నా వంతు కట్టాల్సిన పక్కింటావిడే రాత్రి పదింటికి మా గుమ్మంలో కూర్చుంటుంది" అన్నారు. ఉమ్మడి పూచీలోని ఆ ఒత్తిడికి మన దగ్గర జవాబు లేకపోయింది.

రుణ యాప్‌ల మోసాలపై సైబర్ నేరాల సహాయవాణి 1930 నంబరుకు ఫిర్యాదు చేయడంలో కొందరికి తోడ్పడ్డాం.

మన రిజిస్టరులో ఇప్పటిదాకా ఉన్న 'తెరిచిన ఖాతాలు' అనే గడిని తొలగించి, 'మూడు నెలల తర్వాతా వాడుకలో ఉన్న ఖాతాలు' అని మార్చాం. దాన్ని నింపాలంటే ప్రతి కుటుంబాన్నీ మళ్లీ కలవాలి. ఆదివారాలు రాగలిగిన సభ్యులు తమ పేర్లను కార్యదర్శికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.